పక్కకి జరగండి మామయ్యా

స్ఫాక్స్ నుంచి తెల్లారకముందే బయల్దేరాం.
అద్దెకారు, ఐదుగురం,
ఒళ్లో ఉడికిన గుడ్లు, హరిస్సా సీసా,
తెబుర్సూక్ మలుపులో కొన్న వేడి తబూనా రొట్టెలు.
ముందు సీట్లో మా ఆయన షెడ్లీ, పక్కన వాళ్ల నాన్న.
కెమెరా మా చెల్లెలిది, అరువు.
దాని మీద గీత పడితే నేను మాట పడాలి.

కొండ ఎక్కగానే దుగ్గా.
ఆలివ్ చెట్ల నెత్తిమీద గుడి,
పైన త్రికోణంలో
ఒక మనిషిని గద్ద ఎత్తుకుపోతోంది.
"ఎప్పుడు దింపుతుంది?" అంది తస్నీమ్.
"పద్దెనిమిది వందల ఏళ్లుగా ఎత్తుతూనే ఉందమ్మా,
ఇంకా పైకి పోలేదు" అన్నాడు షెడ్లీ.
మొదటి ఫొటో.

గుడి కన్నా పిల్లలకి నచ్చింది పాయిఖానా.
గుర్రపునాడాలా వంగిన రాతి బల్ల,
పన్నెండు బెజ్జాలు, మధ్యలో అడ్డు లేదు.
ఇయాద్ కూర్చుని మంత్రిగారిలా మొహం పెట్టాడు.
తస్నీమ్ ఎదురుగా చతికిలబడి
గోధుమల ధర గురించి పిచ్చాపాటీ మొదలెట్టింది.
పదకొండు ఫొటోలు అక్కడే అయిపోయాయి.

మామయ్య గుడి వైపు చూడలేదు.
నలభై ఏళ్లు తాపీ పట్టిన మనిషి.
"స్తంభాలదేముంది, డబ్బున్నవాడు నిలబెట్టిస్తాడు"
అని గోడల వెంట నడిచాడు.
నిలువుగా ఒక పెద్ద రాయి,
పక్కన చిన్నవి పేర్చి, మళ్లీ ఒక పెద్ద రాయి.
కళ్లు మూసుకుని అరచేత్తో తడుముతూ
"మా నాన్న కట్టిందీ ఇట్లాగే"
అన్నాడు, మాతో కాదు, గోడతో.

నేనెటు తిప్పినా కెమెరాలో ఆయన వీపు,
బూడిదరంగు కోటు, ఎర్ర షెషియా టోపీ.
పక్కకి జరగండి మామయ్యా.
ఇంకొంచెం.
అక్కడ కాదు, ఎండ మీ మీదే పడుతోంది.
జరిగేవాడు పాపం,
ఇంకో గోడ దగ్గరికి.

నీడలు కురచబడ్డాక
గొర్రెల మంద దాటేదాకా ఆగి
లెన్సు తుడుచుకుని తలెత్తేసరికి
మామయ్య మోకాళ్ల మీద ఉన్నాడు.
గోడలోంచి జారిన రాయి, పిడికెడంత,
గడ్డిలో, ఎర్ర గసగసాల పూల మధ్య.
తిప్పి చూశాడు. మట్టి ఊదాడు.
ఇటు పెట్టి, కాదనుకుని, అటు తిప్పి
మొన కిందికి చేసి నెట్టాడు.
టక్.
నా వేలూ అప్పుడే నొక్కింది.
ఏం ఫొటో అది!
చెయ్యెక్కడ ఆగిందో, రాయెక్కడ మొదలైందో
చెల్లెలి కెమెరాకే తెలియాలి.

ఈల.
కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు,
చొక్కా మీద లజ్‌హర్ అని పేరు,
చేతిలో ఇంకా టీ గ్లాసు.
"ముట్టుకోకూడదు! బోర్డు చదవలేదా?"
"చదువు రాదు. పడిపోయింది, పెట్టాను."
"ఎవరు పెట్టమన్నారు?"
"ఖాళీ ఉందిగా."

లజ్‌హర్ గ్లాసుని గోడ మీద పెట్టబోయి
నాలిక్కరుచుకుని నా చేతికిచ్చాడు.
వంగాడు. రాయిని బొటనవేలితో నొక్కాడు.
రెండు వేళ్లతో పట్టి లాగాడు.
కదల్లేదు.
ఆయనా కాసేపు కదల్లేదు.
తర్వాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి,
"అమ్మా, ఆ ఫొటో తీసెయ్యండి."

తీసేశాను, ఆయన చూస్తుండగానే.
గ్లాసు తిరిగిచ్చాను. టీ చల్లారిపోయింది.
కారు ఎక్కబోయే ముందు వెనక్కి వెళ్లి
ఉత్త గోడని ఒకటి తీసుకున్నాను.

ఇంటికొచ్చి లెక్కపెడితే నలభై మూడు.
చెల్లెలు ఒక్కొక్కటే జరుపుతూ
చివరిదాని దగ్గర ఆగింది.
"ఇదేంటక్కా, మనిషి లేడు, మబ్బయినా లేదు?"
పెద్దది చేసి చూడవే, అన్నాను,
ఎడమ నుంచి మూడో నిలువురాయి పక్కన.
చాలాసేపు చూసి,
"ఏమీ కనపడట్లేదే" అంది.

రాత్రి అన్నం దగ్గర ఆ మాట మామయ్యకి చెప్పాను.
గడ్డం గోక్కున్నాడు.
ఇంకోసారి చెప్పమన్నాడు.